తెల్లకోటుకి ముందు భుజం కుదరాలి

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది బోడుప్పల్. ఇంట్లో బ్లౌజులు, పిల్లల గౌన్లు కుట్టుకుంటాను, చుట్టుపక్కల వాళ్ళు అడిగితే వాళ్ళకీ కుట్టి ఇస్తాను. మా పాప తొమ్మిదో తరగతి. ఫిబ్రవరి 28న సైన్స్ డేకి వాళ్ళ స్కూల్లో శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి మీద నాటకం వేస్తున్నారు. సుబ్బారావుగారి వేషం మా పాపదే. మొదటి సీను మద్రాసు మెడికల్ కాలేజీ, రెండోది అమెరికాలో ల్యాబ్. తెల్లకోటు నేనే కుడతానని టీచరుకి మాటిచ్చాను. మా ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చిన పేపర్ పాటర్న్ (బట్ట మీద పెట్టి కత్తిరించడానికి గీతలు అచ్చువేసిన కాగితం) ఒకటి ఇంట్లో ఉంది. ఆడవాళ్ళ పొడుగు చొక్కాది, కాలరూ ముందు గుండీలూ ఉన్నాయి. దాన్నే మార్చి కోటు చేద్దామనుకున్నాను. కోటు కదా, లూజుగా ఉండాలని 14 నంబరు సైజు తీసుకుని, అలవాటు ప్రకారం చుట్టూ అరంగుళం మార్జిన్ వదిలి, పాత దుప్పటితో ఒకటి కుట్టి చూశాను. భుజాలు జారిపోతున్నాయి. అంత లూజుగా ఉన్నా, పాప చెయ్యెత్తితే కోటంతా పైకి లేస్తోంది. నడిస్తే మోకాళ్ళ దగ్గర పట్టేస్తోంది. పాప చాతీ 31న్నర అంగుళాలు, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. నేనెక్కడ తప్పు చేశాను? బట్ట టెర్రీకాట్ తీసుకోమంటున్నారు, తీసుకోవచ్చా? వచ్చే ఏడాది స్కూల్ ల్యాబ్‌కి కూడా ఇదే వేసుకుంటానంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: టెన్షన్ పడకండమ్మా. అసలు బట్ట మీద కత్తెర పెట్టకుండా ముందు దుప్పటితో కుట్టి చూశారు, అది చాలా మంచి పని చేశారు. తప్పులన్నీ దుప్పటి మీదే పోయాయి. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో రెండు ఒకే చోట పుట్టాయి, భుజం దగ్గర. అది సరిచేస్తే మూడోది చిన్న పని.

ముందు సైజు సంగతి. పాటర్న్ కవరు మీద ఉండే నంబరుకీ, షాపులో మనం కొనే డ్రెస్సు నంబరుకీ సంబంధం లేదు. సింప్లిసిటీ, బటరిక్, మెక్‌కాల్స్, వోగ్ లాంటి అమెరికా పాటర్న్‌ల లెక్కలో ఆడవాళ్ళ 8 సైజంటే చాతీ 31న్నర అంగుళాలు. 10 అంటే 32న్నర, 12 అంటే 34, 14 అంటే 36. మీ పాపది సరిగ్గా 8. పైగా ఆ చాతీ కొలత మనిషిది, బట్టది కాదు. లూజు వాళ్ళు ముందే కలిపి ఉంచుతారు. కుట్టాక బట్ట ఎన్ని అంగుళాలు వస్తుందో పాటర్న్ కాగితం మీదే చాతీ దగ్గర అచ్చు వేసి ఉంటుంది, చూడండి. చొక్కా కాబట్టి సుమారు నాలుగంగుళాలు ఎక్కువ కనిపిస్తుంది.

రెండోది మార్జిన్. మనకి బ్లౌజు డ్రాఫ్టింగ్ నేర్పినప్పుడు కొలత గీసి, ఆ గీతకి బయట కుట్టు కోసం బట్ట వదలమని నేర్పారు. ఈ పాటర్న్‌లలో ఆ వదిలేది గీతలోనే కలిసి ఉంటుంది, ఒకటిన్నర సెంటీమీటర్లు. దాని మీద మీరు ఇంకో అరంగుళం వదిలారు, కుట్టేటప్పుడు అలవాటుగా అరంగుళం దగ్గరే కుట్టారు. అంటే ప్రతి అంచుకీ ఒకటిన్నర సెంటీమీటర్ల బట్ట అదనంగా లోపల ఉండిపోయింది. ముందు రెండు పక్కలు, వెనక రెండు పక్కలు, మొత్తం నాలుగు అంచులు. ఆరు సెంటీమీటర్లు అక్కడే చేరింది. 8 బదులు 14 తీసుకున్నందుకు ఇంకో నాలుగున్నర అంగుళాలు. రెండూ కలిపితే పాప అవసరానికి దాదాపు ఏడంగుళాలు ఎక్కువ. భుజం జారకుండా ఎలా ఉంటుంది?

ఇదే పొరపాటు నేనూ చేశాను. మొదటిసారి ఇలాంటి పాటర్న్ చేతికొచ్చినప్పుడు మా చెల్లెలి కోసం మంచి మంగళగిరి బట్ట కత్తిరించాను. కాగితంలోనే మార్జిన్ ఉందని తెలీక చుట్టూ మళ్ళీ వదిలాను. ఆ బట్ట మళ్ళీ దొరకలేదు. అప్పటి నుంచి ఏ పాటర్న్ తీసినా ముందు మార్జిన్ ఉందో లేదో చదువుతాను. అన్నీ ఒకేలా ఉండవు. జర్మనీ వాళ్ళ బుర్దా పత్రికతో వచ్చే వాటిలో మార్జిన్ ఉండదు, మనమే వదలాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అంత లూజుగా ఉన్నా చెయ్యెత్తితే కోటు ఎందుకు లేస్తోంది? చంక ఎంత కిందికి దింపితే చెయ్యి అంత సులువుగా లేస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి ఎదురు. చంక బాగా దించి కుట్టిన బ్లౌజు వేసుకుని దండెం మీద బట్టలు ఆరేస్తే ఏమవుతుందో మీకు తెలుసు, నడుము దగ్గర బ్లౌజు మొత్తం పైకి వస్తుంది. చంకకి దగ్గరగా కుట్టిన బ్లౌజు కదలదు. చెయ్యి శరీరాన్ని కలిసేది చంకలో. చొక్కా చెయ్యి చొక్కాని కలిసే చోటు అక్కడికి ఎంత దగ్గరగా ఉంటే చెయ్యి అంత స్వేచ్ఛగా తిరుగుతుంది. అది నాలుగంగుళాలు కిందకి జారితే, చెయ్యి లేచినప్పుడల్లా పక్క బట్టను కూడా లాక్కుని లేస్తుంది. 14 సైజు చంక లోతు ఎక్కువ. దానికి తోడు భుజం కిందికి జారింది. రెండూ కలిసి పాప చేతిని కట్టేశాయి.

అందుకని మెడ, భుజం, చంక పైభాగం 8 సైజు గీత మీదే ఉంచండి. వెడల్పు పక్క కుట్టు దగ్గర పెంచండి. ఒకే కాగితం మీద అన్ని సైజుల గీతలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పని సులువే. భుజం చివర నుంచి 8 గీత వెంట చంక సగం దాకా రండి. అక్కడి నుంచి మెల్లగా బయటికి వంచుతూ చంక అడుగున 12 గీతని కలపండి. కింద నుంచి 12 గీతే. దీంతో కోటు చాతీ చుట్టు 38 అంగుళాలు వస్తుంది. లోపల స్కూల్ చొక్కా వేసుకుని పైన కోటు వేసుకోవడానికి ఆరంగుళాల పైన లూజు, అది సరిపోతుంది. చంక కూడా కొంచెమే దిగుతుంది, లోపలి చొక్కాకి ఆ మాత్రం కావాలి. కొలతలు మళ్ళీ తీసుకోండి, ఈసారి పాప ఆ నాటకంలో లోపల వేసుకోబోయే చొక్కా, ప్యాంటు వేసుకుని నిలబడ్డాక.

చేతికి కూడా ఇదే చెయ్యాలి. పైన గుండ్రం 8 గీత మీద, కింద చంక దగ్గర మొనలు 12 గీత మీద. లేకపోతే చెయ్యి చంకలో కూర్చోదు. కత్తిరించే ముందు టేపుని నిలువుగా, అంచు మీద నిలబెట్టి, ముందు వెనక చంకల వంపు కొలవండి. చేతి గుండ్రం కూడా అలాగే కొలవండి. కత్తిరించే అంచు కాదు, కుట్టు పడే గీత కొలవాలి. చేతిది చంక కన్నా అరంగుళం నుంచి ముప్పావు అంగుళం ఎక్కువ ఉంటే బాగుంటుంది. రెండంగుళాలు ఎక్కువ వచ్చిందంటే భుజం మీద బుట్టలా ముడతలు పడతాయి, చేతి పక్క కుట్టులో తగ్గించుకోండి.

ఇవన్నీ ఆ పల్చటి కాగితం మీద చెయ్యకండి. అసలు పాటర్న్‌ని ఒక సైజు గీత మీద కత్తిరిస్తే మిగతా సైజులు పోతాయి. పాప ఎదుగుతోంది, మళ్ళీ కావాలి. మడతలు పోయేలా నీళ్ళు చల్లకుండా తక్కువ వేడి ఇస్త్రీ పెట్టి, బ్రౌన్ పేపరు మీదికి దింపుకోండి. న్యూస్‌పేపరు వద్దు, తెల్లబట్టకి సిరా అంటుతుంది. దింపేటప్పుడు బాణం గుర్తు తప్పకుండా గీయండి. ఆ బాణం బట్ట అంచుకి సమానంగా ఉండాలి. కంటితో చూసి సరిపెట్టకుండా, బాణం రెండు కొసల నుంచి అంచు దాకా టేపుతో కొలవండి, రెండూ ఒకటే రావాలి. పొడుగు కోటు ఒక పక్కకి మెలి తిరిగిందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఈ పాటర్న్‌లు 5 అడుగుల 5, 6 అంగుళాల ఎత్తు ఆడవాళ్ళని దృష్టిలో పెట్టుకుని గీస్తారు, మీ పాప వాళ్ళకన్నా నాలుగైదు అంగుళాలు పొట్టి. చాతీకీ నడుముకీ మధ్య కాగితం మీద రెండు సమాంతర గీతలు కనిపిస్తాయి, పొడుగు పెంచడానికీ తగ్గించడానికీ. అక్కడ అరంగుళం మడిచెయ్యండి, ముందూ వెనకా రెండింటికీ. చేతికి కూడా అలాంటి గీతలు ఉంటాయి.

పాటర్న్‌లో పక్క డార్ట్ (చాతీ ఆకారం కోసం పక్క నుంచి వేసే మడత కుట్టు) ఉంటే కుట్టకండి. మీ పాప వేసేది మగవాళ్ళ వేషం, కోటు ముందు భాగం పలకలా ఉండాలి. కానీ డార్ట్ వదిలేస్తే ముందు పక్క వెనక పక్క కన్నా ముప్పావు అంగుళం పొడుగవుతుంది. రెండిటినీ చంక దగ్గర కలిపి, ఆ ముప్పావు అంగుళం కింద పక్క కుట్టు దగ్గర తీసేసి, ముందు గుండీల వైపు వచ్చేసరికి సున్నా అయ్యేలా గీత గీయండి. వెనక డార్ట్లు ఉంటే వాటినీ వదిలెయ్యండి.

ఇక కోటుని కోటుగా చూపించేది కాలరు. ఇక్కడ మీకు కొంచెం ఓపిక కావాలి. ఆడిటోరియంలో వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి జేబు కుట్టు కనిపించదు, గుండీ రంగు కనిపించదు. పొడుగూ, ఛాతీ మీద తెరుచుకున్న కాలరూ కనిపిస్తాయి. చొక్కా పాటర్న్‌లో కాలరు కింద నిలువు పట్టీ ఉంటుంది, దాన్ని స్టాండ్ అంటారు. అది ఉన్నంతసేపు అది చొక్కాలాగే ఉంటుంది, ఎంత పొడుగు పెంచినా. స్టాండ్ తీసెయ్యండి. దాని బదులు నైట్ సూట్ కాలరు పెట్టుకోండి. ఒక్క ముక్క కాలరు, మీరు ఎప్పుడో ఒకప్పుడు కుట్టే ఉంటారు. పై గుండీ తీస్తే రెండు పక్కలా వాలి, సూట్ కాలరులా తెరుచుకుంటుంది.

దాని కోసం ముందు భాగంలో గుండీల వైపు అంచుని మెడ దగ్గర ఒక అంగుళం బయటికి జరపండి. అక్కడి నుంచి మొదటి గుండీ దాకా వాలుగా గీత తెచ్చి పాత అంచులో కలపండి. మొదటి గుండీ భుజం మీద మెడ కుట్టు నుంచి తొమ్మిదంగుళాలు కిందికి పెట్టండి. ఆ అంగుళమే ఛాతీ మీద వాలే రెక్క అవుతుంది. కాలరు పొడవు కోసం మెడ చుట్టూ, ముందు మధ్య గీత నుంచి ఇంకో ముందు మధ్య గీత దాకా కొలవండి, మీరు బయటికి జరిపిన అంగుళం లెక్కలోకి రాదు. కాలరుకీ రెక్కకీ మధ్య కనిపించే ఆ చిన్న నోరు అక్కడే వస్తుంది. కాలరు వెడల్పు కుట్టాక మూడుంబావు అంగుళాలు ఉండాలి. రెండు పొరలు కత్తిరించాక, కింద పొరని మూడు మిల్లీమీటర్లు సన్నం చెయ్యండి. అప్పుడు కుట్టు కిందికి తిరుగుతుంది, పైకి కనిపించదు.

రెక్క తిరగబడినప్పుడు బయటికి కనిపించేది లోపలి బట్ట కాబట్టి, లోపల పట్టీ వెయ్యాలి. ముందు భాగం ఆకారంలోనే, భుజం దగ్గర రెండంగుళాలు, కింద మూడంగుళాలు వెడల్పున అదే బట్టతో కత్తిరించండి. కాన్వాస్ ఈ పట్టీకి అతికించండి, కోటు ముందు భాగానికి కాదు. ఇస్త్రీతో అతుక్కునే పల్చటి కాన్వాస్ చాలు. కాలరు బక్రం మందంది వేస్తే రెక్క అట్టలా నిలబడుతుంది. ముందు చిన్న ముక్క మీద అతికించి, ఉతికి, బుడగలు రావడం లేదని చూసుకుని అప్పుడు అసలు దాని మీద పెట్టండి.

కాలరు కొస కలిసే చోట ఒక్క క్షణం ఆగాలి. పట్టీ, కాలరు, ముందు భాగం మూడూ అక్కడ కలుస్తాయి. కుట్టు సరిగ్గా ఆ చుక్క దగ్గర ఆపి, సూది బట్టలోనే ఉంచి, పాదం ఎత్తి, బట్ట తిప్పి, మళ్ళీ పాదం దించి ముందుకు వెళ్ళండి. తరవాత ఆ మూలకి చిన్న కత్తెర గాటు, కుట్టుకి ఒక్క దారం దూరం దాకా. భయపడి దూరంగా ఆపితే మూల తిరగదు, లోపల ఉండ కడుతుంది. తిప్పాక ఛాతీ మీద రెక్కని మడత పడేలా ఇస్త్రీ చెయ్యకండి. పైన నాలుగంగుళాలు మాత్రం నొక్కి, కింద గుండీ దాకా దానంతట అదే గుండ్రంగా తిరగనివ్వండి.

గుండీలు ఎటు? ఆడవాళ్ళ పాటర్న్‌లో కుడి పక్క పైకి వస్తుంది, కాజాలు కుడి వైపు ఉంటాయి. మగవాళ్ళకి ఎడమ పక్క పైకి. మీ పాప సుబ్బారావుగారి వేషంలో ఉంటుంది కాబట్టి కాజాలు ఎడమ వైపు వేయించండి. ఇది మాత్రం మొదటి వరసలో కూర్చున్న సైన్స్ టీచరుకి తప్పకుండా కనిపిస్తుంది. చొక్కా గుండీ చిన్నది, ఒక సెంటీమీటరు పైన ఉంటుందంతే. కోటుకి రెండు సెంటీమీటర్ల గుండీలు నాలుగు తీసుకోండి. గుండీ పెద్దదైంది కాబట్టి మధ్య గీత నుంచి బయట అంచు దాకా ఉన్న బట్టని కూడా ఒక సెంటీమీటరు పెంచాలి. కాగితం మీదే పెంచుకోండి, పట్టీకి కూడా.

పొడుగుకి వద్దాం. చొక్కా తుంటి దాకా వచ్చి, అడుగున గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. తుంటి దగ్గర అడ్డంగా ఒక గీత గీసి, అక్కడి నుంచి నేరుగా కింద దాకా పెంచండి. మెడ వెనక ఎముక నుంచి మోకాలు కింద రెండు వేళ్ళ దాకా కొలవండి. పాప ఎత్తుకి 36 అంగుళాల చుట్టుపక్కల వస్తుంది. కిందికి వెళ్ళేకొద్దీ ప్రతి పక్కా ఒక అంగుళం విచ్చుకునేలా గీయండి. అది సగం ఇబ్బంది తీరుస్తుంది. మిగతా సగం వెనక చీలిక తీరుస్తుంది. పాటర్న్‌లో వెనక ముక్క బట్ట మడత మీద పెట్టమని ఉంటుంది, మీరు మడత మీద పెట్టకండి. మధ్యలో కుట్టు వచ్చేలా ఒకటిన్నర సెంటీమీటర్లు కలిపి రెండు ముక్కలు కత్తిరించండి. అడుగు నుంచి 12 అంగుళాల పైకి మాత్రం నాలుగు సెంటీమీటర్లు కలపండి, ఒకదాని మీద ఒకటి పడేలా. ల్యాబ్‌లో ఒంగి బల్ల మీద పనిచేసేటప్పుడు, స్టేజి మెట్లెక్కేటప్పుడు ఆ చీలిక లేకపోతే కోటు వెనక్కి లాగుతుంది.

చేతి చివర చొక్కా కఫ్ అవసరం లేదు, కానీ కఫ్ తీసేస్తే చెయ్యి ఆ మేరకు పొట్టిదవుతుంది. కఫ్ వెడల్పు చేతికి కలిపి, నేరుగా మడిచి కుట్టండి. జేబులు మూడు. ఛాతీ మీద ఎడమ వైపు నాలుగున్నర అంగుళాలది, కింద రెండు పెద్దవి, ఆరు వెడల్పు, ఏడు లోతు. ఎక్కడ పెట్టాలో కొలవకండి, పాపని కోటు వేసుకుని చేతులు జేబులో పెట్టుకున్నట్టు నిలబడమనండి, అరచేయి ఎక్కడికి వస్తే అక్కడ.

ఈ మార్పులన్నీ చేశాక ఇంకోసారి పాత దుప్పటితోనే కుట్టండి. విసుగనిపిస్తుంది, అయినా కుట్టండి. కాలరు, జేబులు అక్కర్లేదు. పొడవాటి కచ్చా కుట్టుతో ఒంటి భాగం, ఒక్క చెయ్యి చాలు. పాపకి వేసి, ఒక గాజు గ్లాసు చేతికిచ్చి టెస్ట్ ట్యూబ్ పట్టుకున్నట్టు లైటు వైపు ఎత్తి చూడమనండి. మీరు వెనక నిలబడి ముడతలు చూడండి. మెడ వెనక కింద అడ్డంగా ముడత పడితే పాప భుజాలు పాటర్న్ కన్నా నిటారుగా ఉన్నాయని అర్థం, భుజం చివర కుట్టుని అర సెంటీమీటరు పైకి వదలాలి. మెడ దగ్గర నుంచి చంక వైపు ఏటవాలుగా ముడత దిగితే భుజాలు వాలుగా ఉన్నాయని అర్థం, అక్కడ కొంచెం లోపలికి కుట్టాలి. ఏ ముడతా లేకుండా చెయ్యి లేచి, అడుగు అంచు ఒకటి రెండు అంగుళాలకి మించి లేవకపోతే అసలు బట్ట తీయండి.

బట్ట గురించి అడిగారు. టెర్రీకాట్ వద్దు. నాటకానికి మాత్రమే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. ఇస్త్రీ నిలుస్తుంది, తేలిగ్గా ఆరుతుంది. కానీ పాప దాన్ని ల్యాబ్‌కి కూడా వేసుకుంటుంది. అక్కడ బర్నర్ వెలుగుతుంది. టెర్రీకాట్‌లో ఉన్న పాలిస్టర్ మంట తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కాటన్ కూడా కాలుతుంది, కానీ కరగదు. పూర్తి కాటన్ డ్రిల్, అంటే యూనిఫారాలకి వాడే మందపాటి బట్ట తీసుకోండి. సికింద్రాబాద్ జనరల్ బజారులో గానీ, మదీనా, పత్థర్‌గట్టీ వైపు గానీ దొరుకుతుంది. పన్నా 58 అంగుళాలైతే రెండుంబావు మీటర్లు, 44 అయితే మూడు మీటర్లకి పైన తీసుకోండి. పనిలో పనిగా కోఠి దాకా వెళ్ళి, మెడికల్ స్టూడెంట్లకి ఆప్రాన్లు అమ్మే షాపులో ఒకటి చేతిలోకి తీసుకుని లోపలి పట్టీ, వెనక చీలిక ఎలా కుట్టారో చూసి రండి. మన పిల్లలు దాన్ని ల్యాబ్ కోటు అనరు, ఆప్రాన్ అనే అడగాలి.

ఇంటికి తెచ్చిన రోజే రాత్రి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. కాటన్ మీటరుకి ఒక్కోసారి 5 సెంటీమీటర్ల దాకా కుంచించుకుపోతుంది. నీలం మందు వెయ్యకండి. స్టేజి లైట్ల కింద నీలం వేసిన తెలుపు మొహం కన్నా ముందు కంట్లో పడుతుంది, ఫోటోల్లో పాప మొహం నల్లగా వస్తుంది. మిషన్‌కి 16 నంబరు సూది వేసుకోండి, బ్లౌజులు కుట్టే సూది డ్రిల్ మడతల దగ్గర విరుగుతుంది. పక్క కుట్లు మగవాళ్ళ చొక్కాకి లాగా మడిచి రెండు వరసలు కుట్టండి. పాటర్న్‌లో ఇచ్చిన ఒకటిన్నర సెంటీమీటర్ల మార్జిన్ దానికి చక్కగా సరిపోతుంది, ఓవర్‌లాక్ కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

మొదటి సీను గురించి మీరు అడగలేదు, కానీ నాకు చెప్పాలనుంది. సుబ్బారావుగారు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని, ఆపరేషన్ గదిలోకి ఖద్దరు దుస్తులు వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. చదువులో బాగా రాణించినా, చివరికి ఎంబీబీఎస్ డిగ్రీ బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. తరవాత అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లోనూ, 1940 నుంచి లెడర్లీ ల్యాబ్‌లోనూ ఆయన చేసిన పని మీ పాప నాటకంలో ఎలాగూ ఉంటుంది. మొదటి సీను మొత్తం ఒక బట్ట గురించే. అందుకని రెండు సీన్లకీ ఒకే కోటు వెయ్యకండి. మొదటి సీనుకి ఖాదీ భండార్ నుంచి గరుకుగా, గోధుమ తెలుపులో ఉండే ఖద్దరు రెండున్నర మీటర్లు తెచ్చి, వెనక నాడాలతో కట్టుకునే గౌను కుట్టండి. పాటర్న్ అక్కర్లేదు. ముందు ఒక ముక్క, వెనక రెండు ముక్కలు, ఒంటితో కలిసి వచ్చే చేతులు, ఒక మధ్యాహ్నం పని. పక్కన నిలబడే మిగతా డాక్టర్ల వేషాలకి మాత్రం మెరిసే మిల్లు తెలుపు వెయ్యమని టీచరుకి చెప్పండి. ఒక్క డైలాగు లేకుండా ఆ తేడా చివరి వరసకి కూడా తెలుస్తుంది.

కాజాలు చేత్తో కుట్టే ఓపిక లేకపోతే కాజా షాపులో ఇవ్వండి. చొక్కాకి నిలువు కాజాలు, కోటుకి అడ్డం కాజాలు. వాళ్ళు అలవాటుగా నిలువు వేసేస్తారు, అందుకే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ప్రతి కాజాకీ పెన్సిల్‌తో గీసి ఇవ్వండి. మొదలు మధ్య గీతకి మూడు మిల్లీమీటర్లు బయట, అంచు వైపు. మిగిలిన డ్రిల్ ముక్క రెండు మడతలు చేసి, దాని మీద ఒక కాజా ముందు వేయించి, మీ గుండీ దాంట్లో దూరుతుందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.

వచ్చే ఏడాది సంగతి కూడా అడిగారు. ఈ వయసులో పిల్లలు ఏడాదిలో రెండంగుళాలు తేలిగ్గా పెరుగుతారు. కత్తిరించేటప్పుడే చేతుల చివర మూడంగుళాలు ఎక్కువ వదిలి, దాన్ని లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చెయ్యండి, అడుగున కూడా అంతే. మిషన్ కుట్టు వేస్తే విప్పాక చిల్లుల వరస కనిపిస్తుంది. జూన్‌లో స్కూళ్ళు తెరిచే ముందు హెమ్మింగ్ విప్పి, పాత మడత గీత మీద తడిబట్ట వేసి ఇస్త్రీ చేసి, పాప చెయ్యి మళ్ళీ కొలిచి కుట్టండి.